ఏలూరు కాలవలో వదిలిన అక్షరాలు

ఇలా వచ్చి నా పక్కన కూర్చో అమ్మా. చేతిలో ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. గుణదలలో, ఏలూరు కాలవకి నాలుగిళ్ళ ఇవతల, బీబీజాన్ ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. సగం విని లేచావంటే బీబీజాన్‌ని తిట్టుకుంటావు. అందుకని చివరిదాకా విను.

ఆ రోజు మామూలుగానే తెల్లవారింది. కుళాయి వచ్చి పోయింది, బిందెలు నిండాయి. బీబీజాన్ కొడుకు ఇష్తియాక్ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్లో పనిచేస్తాడు. వెళ్ళే తొందరలో నిలబడే ఇడ్లీ తింటున్నాడు. ముందు గదిలో మంచం మీద బీబీజాన్ భర్త నబీ తలుపువైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కోడలు జుబియా వంటింటి గడప దగ్గర పాత న్యూస్‌పేపరు పరుచుకుని, బిస్కెట్ల డబ్బా మూత తీసి, అందులోంచి అరచేయంత యంత్రమొకటి బయటికి తీసింది. దాని వెనక మూత ఊడదీసి, చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో లోపల తుడవటం మొదలుపెట్టింది.

వెనిగరు వాసనకి బీబీజాన్ ముక్కు ఎగబీల్చింది. "పచ్చడికని తెచ్చిన సిరకా ఎవరు తీశారు?"

"రెండు చుక్కలే అమ్మీ. లోపల సెల్లులు కారిపోయి పచ్చగా తుప్పు పట్టింది. సిరకాతో తుడిస్తే వదులుతుంది."

"ఏనాటివి ఇవి?"

"నేను పుట్టేనాటివి. చేతి కంప్యూటర్లంటారు. అప్పట్లో మందుల కంపెనీల వాళ్ళు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళంట. ఉయ్యూరులో మా సోహైల్ అన్న కొట్టుకి పాతసామాను కింద వచ్చాయి."

"పాతసామానుకి ఉల్లిపాయలిచ్చేవాడు కూడా తీసుకోడు వీటిని."

"వాడు అడిగినా నేనివ్వనుగా," అంది జుబియా నవ్వుతూ.

ఇష్తియాక్ కూడా నవ్వాడు. "కట్నం వద్దన్నామని డబ్బాడు తుక్కు ఇచ్చి పంపారమ్మీ వాళ్ళన్నయ్య." బీబీజాన్ మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల ఏం చేసినా ఆవిడకి నవ్వు రావటం మానేసి ఐదు నెలలయింది.

ఎందుకో చెప్పాలంటే నబీ సంగతి చెప్పాలి. నబీ నలభై ఏళ్ళపాటు లారీల మీద అక్షరాలు రాసిన మనిషి. ఆటోనగర్‌లో బాడీ కట్టిన లారీ రోడ్డెక్కే ముందు నబీ కుంచె తగలాల్సిందే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, ఏదైనా సరే, స్కేలు పెట్టకుండా గీత లాగేవాడు. కొడుకు పెళ్ళయి మూడు నెలలు తిరక్కుండానే ఒక మధ్యాహ్నం నిచ్చెన దిగి టీ తాగుతూ పక్కకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పడిపోయింది. "మనసులో మాటుందమ్మా, నాలుకే తిరగటం లేదు" అన్నాడు డాక్టరు.

మనిషికి కష్టం వచ్చినప్పుడు దానికో కారణం కావాలి. బీబీజాన్‌కి ఇంట్లో కొత్తగా కనిపించింది కోడలొక్కతే. మొదట తనలో తనే అనుకుంది. తర్వాత పక్కింటి సంపూర్ణమ్మతో అంది. ఆ తర్వాత చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ, నబీ మంచం పక్కనే కూర్చుని, "ఈ పిల్ల అడుగుపెట్టిన వేళ మంచిది కాదు" అని చెబుతూ వచ్చింది. ఆ మాట వినబడినప్పుడల్లా నబీ గోడవైపు తిరిగేవాడు. బాధ భరించలేక తిరుగుతున్నాడనుకునేది బీబీజాన్. జుబియా మాత్రం వినీ విననట్టు టీ గ్లాసులు అందించి లోపలికి వెళ్ళిపోయేది.

ఇప్పుడీ పదిహేను రోజుల్నుంచీ కొత్త అనుమానం పట్టుకుంది.

మధ్యాహ్నం నమాజయ్యాక బీబీజాన్ సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళి ఇద్దరూ చీరలకి ఫాల్స్ కుట్టుకుంటారు. పదిహేను రోజుల కిందట ఒకనాడు దారపుండ మరిచిపోయి మధ్యలో వెనక్కి వచ్చింది. ముందు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి కీచు, కీచు మంటూ పిట్టపిల్ల అరిచినట్టు సన్నటి చప్పుడు. తలుపు తోసేసరికి మంచం అంచున కూర్చున్న జుబియా గబుక్కున లేచి నిలబడింది. నబీ ఎడమచెయ్యి దుప్పటి కిందికి పోయింది. ఆయన నుదుటిమీద చెమట పట్టి ఉంది.

"ఏం చప్పుడది?"

"ఏం లేదమ్మీ."

"ఏం లేకుండానే కూసిందా?"

జుబియా నబీ వైపు చూసింది. నబీ కళ్ళు మూసుకున్నాడు. ముప్పై రెండేళ్ళుగా తన కళ్ళలోకి చూసి మాట్లాడిన మనిషి, ఆ పిల్ల చూడగానే కళ్ళు మూసుకోవటం బీబీజాన్ గుండెలో ముల్లులా దిగింది. దారపుండ సంగతే మరిచిపోయి తిరిగి వెళ్ళింది.

సంపూర్ణమ్మ సూది ఆపి అంతా విన్నది. "చేతిలో ఏముంది, చూశావా?"

"పుల్లలాంటి పెన్ను. కొస దుప్పట్లోంచి కనబడింది వదినా."

"పెన్నా? అయితే సంతకం చేయటం నేర్పుతోందేమో చూసుకో. ఇల్లు నబీ అన్నయ్య పేరునేగా ఉంది."

"ఇల్లెవరిక్కావాలి. ఇచ్చినా ఆ పిల్ల మొగుడికేగా పోయేది." అలా అనేసిందే గానీ బీబీజాన్ ఆ పూట ఒక్క చీర కూడా పూర్తి చేయలేకపోయింది.

మర్నాటినుంచీ కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. కోడలు ఎన్నిసార్లు ఆ గదిలోకి వెళ్తోంది, ఎంతసేపు ఉంటోంది, వచ్చేటప్పుడు మొహం ఎలా ఉంది. నబీ అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడు. అదీ అనుమానమే. గోడవైపు కాకుండా తలుపువైపు తిరిగి పడుకుంటున్నాడు. కోడలికోసం ఎదురుచూస్తున్నాడన్నమాట. ఒకసారి కిటికీలోంచి చూస్తే ఆయన పెదవి ఒకవైపుకి లేచి ఉంది. నవ్వు. భార్య కాళ్ళు పిసికితే రాని నవ్వు, మందులు మింగిస్తే రాని నవ్వు.

ఇక సిరకా వాసన వచ్చిన ఆ శుక్రవారం పొద్దున, ఇష్తియాక్ వెళ్ళాక, ఉతకటానికి దిండు గలీబు తీస్తుంటే లోపల్నుంచి మడత కాగితమొకటి జారిపడింది. విప్పి చూసింది బీబీజాన్. అరబ్బీ కాదు. ఉర్దూ కాదు. కూడబలుక్కుని చదివే తెలుగూ కాదు. అడ్డగీత లేని గోపురంలాంటిదొకటి, విరిగిన మేకులాంటిదొకటి, వెనక్కి తిరిగిన కొక్కెంలాంటిదొకటి. ప్రతి గీతకీ మొదట్లో ఒక నల్లచుక్క. వరసలు వరసలుగా, గళ్ళు గళ్ళుగా, కింద మళ్ళీ అవే గీతలు వణుకుతూ.

కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. కాగితం చూపించలేదు. "ఆయన చేతిలో రోజూ ఏం పెడుతున్నావు?"

జుబియా పిండి కలుపుతున్న చెయ్యి ఆపింది. "కొన్ని రోజులాగండి అమ్మీ. మీకే తెలుస్తుంది."

"ఇప్పుడు చెబితే ఏమవుతుంది?"

"అబ్బా చెప్పొద్దన్నారు."

"ఐదు నెలల్నుంచి మంచినీళ్ళు కావాలని అడగలేని మనిషి, నీకు మాత్రం చెప్పొద్దన్నాడా," అంది బీబీజాన్. గొంతు పెంచలేదు. జుబియా తల వంచుకుంది. తల వంచుకున్న మనిషి తప్పు ఒప్పుకున్నట్టేనని బీబీజాన్ తీర్మానించుకుంది.

కాగితం రవికలో దాచుకుని, రెండు వీధుల అవతల తాయెత్తులు కట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నాకు తెలిసిన రాత కాదు తల్లీ. మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. తెలియని రాత ఇంట్లో ఎందుకు? పారే నీళ్ళలో వదిలెయ్."

తాయెత్తులైనా, చిరిగిపోయిన దువా కాగితాలైనా చెత్తలో పడేయకుండా పారే నీళ్ళలో వదలటం వాళ్ళకి అలవాటే. ఆయన జాగ్రత్తకి చెప్పాడు. బీబీజాన్ తీర్పుగా విన్నది.

ఇంటికొచ్చేసరికి జుబియా డాబా మీద బట్టలు ఆరేస్తోంది. నబీ నిద్రలో ఉన్నాడు. దిండు కింద చెయ్యి పెట్టి తడిమితే చేతికి తగిలింది, పొద్దున సిరకాతో తుడిచినదానిలాంటి యంత్రమే. తీస్తుంటే వేలు ఎక్కడో నొక్కుకుంది. చిన్న అద్దంలో ఆకుపచ్చ వెలుగు వచ్చింది. వెలుగులో నల్లటి అక్షరాలు, నాలుగు వరసలు. అవి ఇంగ్లీషువని కూడా ఆవిడకి తెలియదు. కాగితాన్నీ యంత్రాన్నీ కలిపి పాత చున్నీ ముక్కలో మూటకట్టింది. బిస్మిల్లా అనుకుంటూ కాలవ వంతెన దాకా ఒక్క ఊపున నడిచి, మూట నీళ్ళలోకి జారవిడిచింది. బుడుంగుమని మునిగింది. ఐదు నెలల్లో మొదటిసారి ఆవిడకి ఊపిరి తేలిగ్గా ఆడింది.

ఆ తేలిక ఇంటికొచ్చేదాకానే.

నబీ లేచి ఉన్నాడు. ఎడమచేత్తో దిండు కింద, దుప్పటి కింద, పరుపు అంచున వెతుకుతున్నాడు. నోట్లోంచి ఊ, ఊ అని మూలుగు వస్తోంది. జుబియా మంచం కిందకి వంగి చూస్తోంది. అప్పుడే ఇష్తియాక్ భోజనానికి వచ్చాడు.

"వెతక్కండి. అది లేదు," అంది బీబీజాన్ గుమ్మంలో నిలబడి. "కాలవలో వదిలేశాను. దాంతోపాటు నువ్వు దిండులో పెట్టిన రాత కూడా."

జుబియా లేచి నిలబడింది. "కంప్యూటర్ని కాలవలో వేశారా అమ్మీ? అందులో అబ్బా రాసుకున్నదంతా ఉంది."

"ఆయన రాసుకున్నాడంట, విన్నావా ఇష్తియాక్. కుంచె పట్టే చెయ్యి చచ్చుబడి ఐదు నెలలయింది. ఈవిడగారికి మాత్రం రాసి చూపిస్తున్నాడంట."

"అమ్మీ, ముందు కూర్చో," అన్నాడు ఇష్తియాక్.

"నేను కూర్చోను. ఈ పిల్లని ఇవాళే ఉయ్యూరులో దించి రా. లేదంటే నేను కంకిపాడులో మా చెల్లెలింటికి పోతాను. మీ నాన్నకి చేతబడి చేస్తుంటే చూస్తూ కూర్చోలేను."

ఇష్తియాక్ పెళ్ళాం వైపు చూశాడు. "ఏం చేస్తున్నావో నాకన్నా చెప్పొచ్చుగా జుబియా."

అత్త అన్ని మాటలన్నా ఆ పిల్ల కంట నీరు రాలేదు. మొగుడు ఆ ఒక్కమాట అనేసరికి వచ్చింది. "మీకూ అనుమానమేనా?" అని అడిగింది. జవాబుకోసం ఆగకుండా లోపలికెళ్ళి బట్టలు సంచిలో సర్దుకోవటం మొదలుపెట్టింది. సర్దుకుంటూనే, గోడకి చెబుతున్నట్టు చెప్పింది.

"ఫోనిస్తే అబ్బా వేలు పక్క అక్షరం మీద పడేది. కాగితం మీదైతే చెయ్యి ఎత్తి మళ్ళీ అదేచోట పెట్టలేకపోయేవారు. ఈ పాత కంప్యూటర్లలో ఒక్కో అక్షరానికి ఒక్కటే గీత. పెన్ను ఎత్తక్కర్లేదు. గీత వంకరపోయినా అది అర్థం చేసుకుని శుభ్రమైన ఇంగ్లీషు అక్షరం వేస్తుంది, ఆ అక్షరాలతోనే తెలుగు మాట రాస్తారు. ఆ గీతలు నేర్చుకోటానికే ఆ కాగితం, చుక్క పెట్టినచోట గీత మొదలు. పైవరస నాది, కిందవరస అబ్బాది. తన అక్షరం తిన్నగా వచ్చేదాకా మీకు చూపించొద్దని అబ్బా రాశారు. లారీల మీద ఆయన రాత చూసి నిఖా ఒప్పుకున్న మనిషట మీరు. మీ ముందు వణికే చేత్తో రాయటం ఆయనకి సిగ్గు."

బీబీజాన్ నమ్మలేదు, నమ్మకుండానూ ఉండలేకపోయింది. "ఆ కీచు చప్పుడో?"

"బంతి ఆట. ఇటుకలు పగిలితే అలా కూస్తుంది. ఆయనకి ఆ ఆటంటే పిచ్చి."

ముందు గదిలో దబదబమని మోగింది. నబీ మంచం పట్టీ మీద ఎడమచేత్తో గుద్దుతున్నాడు. అందరూ పరిగెత్తారు. ఆయన వేలు బిస్కెట్ల డబ్బా వైపు చూపించింది. తర్వాత బీబీజాన్ వైపు. మళ్ళీ డబ్బా వైపు.

జుబియా సంచి కింద పెట్టింది. డబ్బాలో పొద్దున తుడిచిన యంత్రం ఉంది. అంచు పగిలింది, రబ్బరుబ్యాండు వేసి పట్టి ఉంచింది. "ఇది పనిచేయొచ్చు. సన్న సెల్లులు రెండు కావాలి. ఉన్నవి దాంతోపాటే పోయాయి." ఇష్తియాక్ టీవీ రిమోటు మూత ఊడబీకి సెల్లులు తీసిచ్చాడు. అవి వేసి జుబియా పక్కన మీట నొక్కింది. ఏమీ కాలేదు. సెల్లు ఒకటి తిప్పి పెట్టి మళ్ళీ నొక్కింది. అద్దం ఆకుపచ్చగా వెలిగింది.

నబీ పుల్ల పెన్ను పట్టుకున్నాడు. ఎడమచెయ్యి వణికింది. మొదటి గీత తప్పుపోయింది. రెండోది కూడా. బీబీజాన్ కళ్ళముందే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను పడేస్తాడేమో అనుకుంది. పడేయలేదు. పళ్ళు బిగించి మూడోసారి గీశాడు. అద్దంలో ఒక అక్షరం పడింది, ఆయన లారీల మీద రాసినంత నిటారుగా.

"ఎమ్," అని చదివాడు ఇష్తియాక్. "ఏ. టీ. ఆర్. మళ్ళీ ఏ. మాత్ర. ఏ మాత్ర అబ్బా?"

నబీ ఆగలేదు. ఒక్కో అక్షరానికి ఒక్కో ఊపిరి తీసుకున్నాడు. పొయ్యిమీద కూర మాడుతున్న వాసన వస్తే జుబియా వెళ్ళి కట్టేసి వచ్చింది. ఇంకెవరూ కదల్లేదు. నాలుగు వరసలు నిండటానికి ముప్పావుగంట పట్టింది. ఇష్తియాక్ అంతా కలిపి ఒకసారి లోపల చదువుకుని, పైకి చదివాడు.

"బీపీ మాత్ర నేనే మానేశా. పెళ్ళికి రెండు నెలల ముందు. వేసుకుంటే నిచ్చెన మీద తల తిరుగుతోంది. పిల్ల తప్పు లేదు."

"అబద్ధం," అంది బీబీజాన్. "రోజూ పొద్దున నా చేత్తో ఇచ్చాను. టీతోపాటు అరచేతిలో పెట్టాను."

నబీ తల అడ్డంగా ఊపాడు. మంచం కింద, ఐదు నెలలుగా ఎవరూ కదపని కుంచెల పెట్టె వైపు చూపించాడు. ఇష్తియాక్ దాన్ని బయటికి లాగాడు. ఎండిన కుంచెల కింద ఒక రంగుడబ్బా. మూత గట్టిగా పట్టేసింది. స్క్రూడ్రైవర్‌తో లేపితే లోపల తెల్లటి చిన్న మాత్రలు, గుప్పెళ్ళకొద్దీ, కొన్ని ఒకదానికొకటి ఎర్రరంగుతో అంటుకుపోయి ఉన్నాయి. చొక్కా జేబులో వేసుకెళ్ళి, పారేయటానికి మనసొప్పక, రోజూ ఒకటి అందులో వేశాడు.

బీబీజాన్ నేలమీద కూలబడింది. ఒక మాత్ర తీసి అరచేతిలో పెట్టుకుంది. తను ఇచ్చినదే. రోజూ ఇచ్చి, రోజూ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. మింగాడో లేదో ఒక్కనాడూ చూడలేదు. చూడాల్సిన చోట చూడకుండా, ఐదు నెలలుగా ఆ పిల్ల చేతుల్ని చూస్తూ కూర్చుంది. నబీ గోడవైపు ఎందుకు తిరిగేవాడో ఇప్పుడు తెలిసింది. తను అనే ప్రతిమాటా ఆయనకి తగులుతోంది. కాదని చెప్పే నాలుక లేక తిరిగేవాడు.

"కాలవలో వేసిందాన్లో కూడా ఇదే రాశారా?" అని అడిగింది.

నబీ తల ఊపాడు. అవునన్నట్టు.

"నాకు తెలియదమ్మీ," అంది జుబియా. "రాసేటప్పుడు అవతలికి పొమ్మని సైగ చేసేవారు. నన్ను చూడనివ్వలేదు."

బీబీజాన్ లేచింది. జుబియా సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టింది. మడత సరిగా లేనివి మళ్ళీ మడతపెట్టింది. అయ్యాక కోడలి ముందు నిలబడింది. "నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు బేటీ. అడక్కుండానే ఉంటే రేపు నీ చేతి టీ తాగలేను."

జుబియా ఏడుస్తోంది. అత్త పైట కొంగు పట్టుకుని మొహం తుడుచుకుంది. ఇష్తియాక్ దగ్గరికి రాబోతే, "మీతో తర్వాత మాట్లాడతాను," అంది. ఆ మాటకి అతను తల దించుకున్నాడు. ఆ లెక్క వాళ్ళిద్దరూ తర్వాత తేల్చుకున్నారులే.

ఇంతలో మంచం పట్టీ మీద మళ్ళీ తట్టిన చప్పుడు. నబీ మళ్ళీ ఏదో రాశాడు. ఇష్తియాక్ వంగి చూశాడు. "టీ. ఈ. ఏ." ఆగి, నాన్న మొహంలోకి చూశాడు. "టీ అడుగుతున్నాడమ్మీ."

ఐదు నెలల తర్వాత ఆ మనిషి నోరు తెరిచి అడిగినట్టయింది. బీబీజాన్ ఏడుస్తూనే నవ్వి టీ పెట్టింది. ఈసారి మాత్ర చేతిలో పెట్టలేదు. నాలుక మీద వేసి, నీళ్ళు తాగించి, నోరు తెరవమని చూసి మరీ కదిలింది. డాక్టరు రాసిచ్చిన కొత్త మాత్రే, తల తిప్పనిది.

టీ అయ్యాక పైట తలమీదుగా కప్పుకుని బయల్దేరింది. "ఎక్కడికమ్మీ?" అన్నాడు ఇష్తియాక్.

"నేను మాట వదిలిన ఇళ్ళకి."

ముందు సంపూర్ణమ్మ ఇంటికెళ్ళింది. తర్వాత మూల ఇంటికి, కుట్టుమిషను వాళ్ళింటికి, పాలబూత్ వెనకవైపు వాళ్ళింటికి. ప్రతి గుమ్మంలోనూ నిలబడి అదే చెప్పింది. "నా మొగుడికి జబ్బు మాత్రలు మానేసి వచ్చింది. నా కోడలి అడుగువల్ల రాలేదు. నేనే అబద్ధం చెప్పాను." కూర్చోమన్నా కూర్చోలేదు. కొందరు అయ్యో అన్నారు. కొందరు తలుపు వేశాక ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు వినబడినా ఆగలేదు. పొద్దుపోయేదాకా తిరిగితే పదకొండు ఇళ్ళయ్యాయి. కంకిపాడు చెల్లెలికి ఫోను చేసి చెప్పింది. ఆ చెల్లెలు ఇంకెవరెవరికి చెప్పిందో తనకే గుర్తులేదంది.

అదమ్మా సంగతి. ఆ చెడ్డమాట బీబీజాన్ కాళ్ళకంటే చాలా దూరం పోయింది. ఏ ఊళ్ళో ఎవరింట్లో ఆ పిల్ల గురించి ఇంకా అదే అనుకుంటున్నారో ఎవరికి తెలుసు. ఆ ఇళ్ళన్నిటికీ బీబీజాన్ వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేను. నీవి వయసులో ఉన్న కాళ్ళు, నాలుగు ఊళ్ళు తిరుగుతావు. ఎక్కడైనా నలుగురు కూర్చున్నచోట జుబియా పేరు గుర్తుపెట్టుకుని, రంగుడబ్బాలో మాత్రల సంగతి వదిలిపెట్టకుండా, ఇదంతా చెప్పు తల్లీ.